కేసెట్టు రెండో పక్కన ఉండిపోయిన గడువు

"వాళ్ళు అప్పట్నుంచి లెక్క పెడతారా, ఇప్పట్నుంచి పెడతారా?" అని అడిగాడు మా ఆయన.

"యెప్పట్నుంచన్నా పెట్టుకోనీలే. నువ్వు ముందు ముద్ద మింగు," అన్నాను నేను.

మా ఇద్దరి మధ్య ఆఖరు మాటలు ఇవే. ఆ మధ్యాహ్నం సంగటి, ఊరిబిండి పచ్చడి పెట్టాను. సగం ముద్ద తిని, చెయ్యి కడుక్కుని వసారాలో పడుకున్నాడు. గోడమీద ఎండ దిగేలోపల మనిషి లేడు. పోయేవాడికి దేవుడిమాటో బిడ్డలమాటో నోట్లో ఉంటుందంటారు. ఆయన నోట్లో ఉన్నది గడువు మాట. సర్కారువాళ్ళు ఆరు నెలల గడువును ఏ దినం నుంచి లెక్క వేస్తారన్నది. అప్పటికి ఎన్నో ఏళ్ళుగా మా ఇంట్లో అదే మాట. అడిగి అడిగి ఆయనకు విసుగొచ్చింది. నాకు మాత్రం రాను రాను అదేమిటో తెలుసుకోవాలని ఆశ ఎక్కువైంది.

నాకు చదువు లేదు. బస్సు బోర్డు మీద మా ఊరి పేరు గుర్తుపడతాను, అంతే. నేను చెబుతుంటే మా అన్న కూతురు రాస్తోంది. అంగన్‌వాడీలో పని దానికి. నా గొంతు పెద్దది, మాట దురుసు. "మెల్లిగా చెప్పత్తా, చెయ్యి నొస్తాండాది," అంటోంది. మెల్లిగానే చెబుతాను.

మా ఆయన మిలిట్రీలో ఫిరంగులు లాగే లారీ నడిపేవాడు. ఫిరంగి పేలేటప్పుడు దగ్గర్లో ఉండీ ఉండీ ఎడమ చెవి పోయింది. డాక్టర్లు చూసి, పూర్తి పింఛనుకు కావలసిన సర్వీసు నిండకముందే ఇంటికి పంపేశారు. మాకు శింగనమల చెరువుకు ఎగువన మెట్ట చేను. ఆ చేలో శెనక్కాయ పెట్టుకుని బతికాం. చాలా ఏళ్ళ తర్వాత, అనంతపురంలో మాజీ సైనికుల మీటింగుకు పోతే, సర్వీసులో దెబ్బ తగిలిన వాళ్ళకు వేరే పింఛను ఉందని ఎవరో చెప్పారంట. అర్జీ పెట్టాడు. జవాబు రాకముందే వరసగా వానలు తప్పాయి, బోరు గాలి కక్కింది. ఊళ్ళో సగంమంది పోయినట్టే కువైట్‌కు పోయాడు, ఒక షేకు ఇంట్లో డ్రైవరుగా. ఒక చెవి వినపడదని అక్కడ ఎవరికీ చెప్పలేదు.

ఆయన కువైట్ పోయాక శ్రావణమాసంలో వచ్చింది జవాబు. రిజిస్టరు పోస్టు. పోస్టుమాన్ నా బొటనవేలికి సిరా పూసి ముద్ర వేయించుకుని ఇచ్చాడు. మా వీధిలో రిటైరైన హెడ్‌మాస్టరు ఒకాయన ఉండేవాడు. కవరు చించి, కళ్ళద్దాలు పెట్టుకుని, ఇంగ్లీషులో ఒకసారి గొణుక్కుని, నా ముఖం చూశాడు.

"ఇయ్యరంటమ్మా. ఆ చెవుడు మిలిట్రీలో వచ్చింది కాదంట, ముందునుంచీ ఉన్నిందంట."

"ముందునుంచి అంటే?"

"చేరకముందు నుంచి. ఇది తప్పు అనుకుంటే ఆరు నెలల్లోపల మళ్ళా అర్జీ పెట్టుకోవల్ల. లేదంటే ఈ తీర్పే ఖాయం."

"ఆరు నెలలంటే యెప్పట్నుంచి సార్?"

ఆయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. "తీర్పు నుంచి అని ఉండాది," అన్నాడు. మనిషి దేశంకాని దేశంలో ఉంటే ఎట్లా అని అడిగాను. "అది దీంట్లో లేదు," అన్నాడు.

అప్పట్లో కువైట్‌కు ఫోనంటే గొంతు చించుకోవడం. మాలాంటి వాళ్ళకు జాబులు రాయడం రాదు. మా ఊళ్ళో అందరం కేసెట్లు పంపుకునేవాళ్ళం. లీవులో వచ్చినవాడు అక్కడివి తెచ్చేవాడు, తిరిగి పోయేటప్పుడు ఇక్కడివి తీసుకుపోయేవాడు. టేపురికార్డరు మధ్యలో పెట్టుకుని, తలుపు వేసి, రెండు బటన్లు ఒకేసారి నొక్కి, ఒకరి తర్వాత ఒకరం మాట్లాడేవాళ్ళం.

దానికొక పద్ధతి ఉంది. మంచిమాటతో మొదలుపెట్టాలి. పెద్దవాళ్ళు ముందు మాట్లాడాలి. దూరాన ఉన్నవాడి చెవిలో చెడ్డమాట మొదట వేయకూడదు. కాబట్టి మొదటి పక్కన మా అత్త మాట్లాడింది, మా వదిన, అంటే ఆయన అక్క, మాట్లాడింది. నేను చేను సంగతి చెప్పాను. మధ్యలో కోడి ఒకటి టేపురికార్డరు మీదికి ఎగిరింది. "ఏయ్ ముండా!" అని మా వదిన అరిచింది. ఆ అరుపుతో మొదటి పక్క అయిపోయింది. రెండో పక్కకు తిప్పి, హెడ్‌మాస్టరును పిలిచి, తీర్పు మొత్తం చదివించాను. ఇంగ్లీషులో ఒకసారి, తెలుగులో ఒకసారి. దూరాన ఉన్నా మనిషికి సంగతి పూర్తిగా తెలియాలి కదా.

కేసెట్టు తీసుకుపోవాల్సినవాడు వినాయక చవితికే పోవాలి. వాళ్ళ మిద్దె పని ముగియలేదు. దీపావళి దాటాక పోయాడు.

తర్వాత ఒకసారి ఫోను వచ్చింది. శింగనమలలో ఎస్టీడీ బూతుకు రమ్మని ముందే కబురు పంపాడు. బస్సెక్కి పోయి కూర్చున్నాను.

"కేసెట్టు విన్నావా?" అని అరిచాను.

"విన్నా, విన్నా. శానా బాగుండాది!"

"బాగుండాదా?"

"రూములో అందరూ విన్నారు. ఒకటే నగు! కడుపు చెక్కలయినాది మాకు."

పింఛను లేదని సర్కారు రాస్తే రూమంతా కూర్చుని నవ్వడం ఏమిటి? మిలిట్రీ మనిషి కదా, గుండె గట్టిది, దులిపేసుకున్నాడు అనుకున్నాను. "మరి ఏం చేద్దాం?" అని అడిగాను. "యేం చేసేది, మళ్ళొకటి పంపు!" అన్నాడు. లైను తెగిపోయింది. బూతులో ఉన్న పిల్ల, "ఏమక్కా, మంచి కబురేనా?" అని అడిగితే తల ఊపాను.

జరిగింది వేరు. ఆయన లీవులో ఇంటికి వచ్చాక చెప్పాడు. శుక్రవారం సెలవు. మా పక్క ఊళ్ళవాళ్ళందరూ అక్కడ ఒక రూములో చేరేవాళ్ళు. ఎవరికి కేసెట్టు వచ్చినా అందరూ కూర్చుని వింటారు. ఆ రూముకొక కట్టుబాటు ఉందంట. వచ్చిన వారం మొదటి పక్కే వింటారు. రెండో పక్క ముట్టుకోరు. ఊరి నుంచి ఇంకొకడు బయల్దేరాడని కబురు తెలిస్తేనో, పండగ వస్తేనో తిప్పుతారు. అంతవరకూ మొదటి పక్కే మళ్ళీ మళ్ళీ వేసుకుంటారు.

"రెండు పక్కలా వినేస్తే ఊరు అయిపోతాది," అన్నాడు మా ఆయన. "తర్వాత యేముంటాది మాకు? ఆ కోడిని మా అక్క తిట్టేది యెన్నిసార్లు విన్నామో తెల్దు. ఒకడికి ఆ కోడి గొంతు అట్లే వచ్చేసినాది."

అట్లా నా కేసెట్టు రెండో పక్కను ఉగాదికని దాచుకున్నారు.

ఉగాది నాడు పచ్చడి చేసుకుని, స్నానాలు చేసి, చుట్టూ కూర్చుని బటను నొక్కారంట. హెడ్‌మాస్టరు గొంతు మొదలైంది, సర్కారు ఇంగ్లీషులో. ఒకడు, "ఏమప్పా, మీ ఇంటిది ఇంగ్లీషు నేర్చుకుండాదే! గొంతు గూడా మగగొంతు అయిపాయె!" అన్నాడంట. అందరూ విరగబడి నవ్వుతున్నారు. మా ఆయనకు మిలిట్రీ ఇంగ్లీషు కొంచెం తెలుసు. కుడి చెవి టేపుకు ఆనించి విన్నాడు. తర్వాత తెలుగు వచ్చింది. ఆరు నెలల మాట వచ్చింది. ఎవరో లేచి టేపు ఆపేశారంట. ఆ పండగ పూట ఆ రూములో ఇంకెవ్వరూ ఏమీ వినలేదు.

శ్రావణంలో వచ్చిన తీర్పు ఉగాదికి ఆయన చెవిన పడింది. గడువు అప్పటికే దాటింది.

ఆయన లీవులో వచ్చినప్పుడు ఇద్దరం అనంతపురం పోయాం. మాజీ సైనికుల ఆఫీసులో ఒక పెద్దమనిషి ఉన్నాడు. తెల్లమీసాలు, ఆయనా మిలిట్రీ చేసి వచ్చినవాడే. కాగితం చూసి పెదవి విరిచాడు.

"గడువు దాటిపోయిందప్పా. ఆ తీర్పు మూసేసినట్టే."

"యెప్పట్నుంచి లెక్క వేసినారు సార్?" అని నేను మధ్యలో దూరాను. మా ఆయన మోచేత్తో పొడిచాడు.

"ఇంటికి జాబు అందిన దినం నుంచి. ఈడ ఉండాది చూడమ్మా, అందినట్టు నీ వేలిముద్ర."

"వేలిముద్ర నాది. చెవి ఈయనది. నా వేలికి సిరా అంటితే, కువైట్‌లో ఈయన చెవిన పడినట్టా?"

ఆ పెద్దమనిషి నవ్వాడు. "రూలు అంతేనమ్మా. భార్య తీసుకుంటే భర్త తీసుకున్నట్టే."

నేను నిజంగానే తెలుసుకోవాలని అడిగాను, గొడవకు కాదు. మా మామ చచ్చిపోయినప్పుడు ఈయన ఎక్కడో మంచుకొండల్లో ఉన్నాడు. జాబు చేరేసరికి ఇక్కడ కర్మంతరం కూడా అయిపోయింది. అక్కడ చదివిన దినం తల గొరిగించుకుని, చన్నీళ్ళు పోసుకుని, ఆ దినం నుంచి మైల పట్టాడు. తప్పని ఎవరూ అనలేదు. దూరదేశంలో ఉన్నవాడికి మైల విన్నప్పటి నుంచే అని కర్మలు చేయించే మా అయ్యవారు కూడా చెప్పాడు. అదే అడిగాను.

"సార్, చావుకే విన్నకాడ్నుంచి లెక్క ఉండాది. పింఛనుకు యాల లేదు?"

"అక్కా, ఇది మైల కాదు, రూలు."

"రెండూ దినాల లెక్కే గదా సార్?"

పక్క బల్ల మీద గుమాస్తా రాయడం ఆపి మా వైపు చూశాడు. ఆ పెద్దమనిషి కుర్చీలో వెనక్కి వాలి, "మంచిదాన్నే చేసుకున్నావే," అన్నాడు మా ఆయనతో. మా ఆయన ఎడమ పక్క నుంచి అన్నాడు కాబట్టి వినపడలేదు. "ఆఁ?" అన్నాడు. అప్పుడు ఆ మనిషి నవ్వు తగ్గింది. లేచి వచ్చి కుడి పక్కన కూర్చున్నాడు.

అప్పుడు చెప్పాడు ఉన్న దారి. గడువు దాటినా, ఎందుకు దాటిందో కారణం రాసి మాఫీ అడగవచ్చంట. నమ్మదగ్గ కారణమైతే మూసిన తీర్పు మళ్ళీ తెరుస్తారు. తెరవడం వేరు, ఇవ్వడం వేరు. ముందు తెరవాలి. విదేశంలో ఉన్నాడని పాస్‌పోర్టు ముద్రలు చూపిస్తే బలం.

బయట టైపు కొట్టేవాడి దగ్గర కూర్చున్నాం. "ఆలస్యానికి కారణం?" అని అడిగాడు వాడు. మా ఆయన నన్ను పక్కకు తీసుకుపోయాడు.

"ఒంట్లో బాగలేదని రాయిద్దామే."

"యాల?"

"కేసెట్టు రెండోపక్క పండక్కని దాచుకున్నానని రాస్తే నగుతారే. సర్కారుకు రాసే మాటనా అది?"

"ఒంట్లో బాగలేదంటే డాక్టరు చీటీ అడుగుతారు. యాడ తెస్తావు? దాచుకున్న మాటకు చీటీ అక్కర్లేదు. రూములో ఉన్నోళ్ళందరూ చెప్తారు."

"అందరి ముందరా పిచ్చోన్ని చేస్తాండావు నన్ను."

"కోడి అరుపు విని యెన్ని నెలలు కూర్చున్నావో నువ్వే చెప్పినావు గదప్పా. అది పిచ్చి కాదా?"

ఆయనకు నవ్వు వచ్చింది. పోయి టైపువాడి ముందు కూర్చుని ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. వాడు రెండుసార్లు ఆపి, "నిజమేనా అన్నా?" అని అడిగాడు. వాడి బావమరిది కూడా కువైట్‌లోనే ఉన్నాడంట. చివరికి వాడే, "మా వాడూ అట్లే దాచుకుంటాడు," అని గబగబా కొట్టేశాడు.

అర్జీ పోయింది. ఆయన మళ్ళీ కువైట్ పోయి, కొన్నేళ్ళు చేసి, కుడి చెవి కూడా మందగిస్తుంటే వచ్చేశాడు. రెండు చెవులూ లేని డ్రైవరును ఎవరు పెట్టుకుంటారు? జవాబు మాత్రం రాలేదు. బుక్కరాయసముద్రం మీదుగా అనంతపురం పోయే బస్సులో మేమెక్కితే కండక్టరే, "మిలిట్రీ ఆఫీసుకా పెద్దాయనా?" అనేవాడు. పోయిన ప్రతిసారీ, పైన ఆఫీసులో ఉందనే మాట. నేను మాత్రం కనపడిన వాళ్ళందరినీ అడిగేదాన్ని. పంట బీమా గడువు ఎప్పట్నుంచి అని వ్యవసాయ ఆఫీసరును అడిగాను. కోర్టులో ఎట్లా అని మా ఊరి ప్లీడరును అడిగాను. ఒక్కొక్కరు ఒక్కొక్క దినం చెప్పారు. కాలం ఎవరికి వాళ్ళది వేరుగా ఉంటుందని నాకు అంతకుముందు తెలియదు. పొద్దు అందరికీ ఒకసారే పొడుస్తుంది కదా అనుకునేదాన్ని.

అట్లా ఎదురుచూస్తుండగానే ఆయన పోయాడు. మొదట్లో చెప్పాను కదా.

పెద్దకర్మ అయిపోయి, బంధువులు వెళ్ళిపోయాక వచ్చింది జవాబు. మా మేనకోడలే చదివింది. చదువుతూ చదువుతూ ఆగిపోయింది.

"అత్తా, మాఫీ ఇచ్చినారు."

"సరిగ్గా చదువే."

"విదేశంలో ఉన్నందున ఆలస్యాన్ని క్షమించి, కేసును మళ్ళీ తెరుస్తాండారంట. మామను చెవి పరీక్షకు రమ్మన్నారు."

తలుపు తెరిచారు, రమ్మంటే పోయే మనిషి లేడు. ఏడుపు రాలేదు నాకు. ముందు వచ్చింది సందేహమే. కాలిపోయిన చెవిని ఎట్లా పరీక్ష చేస్తారు?

అదే అడగడానికి మళ్ళీ ఆఫీసుకు పోయాం. ఆ తెల్లమీసాల పెద్దమనిషి చావు సర్టిఫికెట్ చూసి ఫైల్లో పెట్టాడు. తర్వాత అన్నాడు, "మనిషి లేకపోయినా కేసు ఉంటాదక్కా. నీ పేరున నడుస్తాది. పాత మెడికల్ కాగితాలు వాళ్ళ దగ్గరే ఉండాయి. తేల్చాల్సింది ఒకటే. ఆ చెవి మిలిట్రీకి పోకముందు వినపడుతాన్నిందా, లేదా? నీకు తెలిసింది చెప్పి, రాయించి పంపు. దీనికీ గడువు ఉండాది."

"యెప్పట్నుంచి సార్?"

"ఈ జాబు నీ చేతికి వచ్చిన దినం నుంచి. ఈసారి చెయ్యీ నీదే, చెవీ నీదే. ఇంక తగాదా లేదు."

తిరిగి వస్తూ బస్సులో ఆలోచించాను. ఆయన ఎడమ చెవి పెళ్ళినాటికి వినేదని నాకు ఎట్లా తెలుసు? తెలుసు. కానీ ఎట్లా తెలుసు? అన్నం పెట్టేటప్పుడు, చేలో పిలిచేటప్పుడు, ఇవన్నీ అందరూ చెప్పేవే. బస్సు చెరువుకట్ట దాటేటప్పుడు తట్టింది.

మా పెళ్ళయిన కొన్నాళ్ళకే ఆయన మిలిట్రీలో చేరాడు. పెళ్ళినాడు కొత్తకోడలు గడప దాటాలంటే మొగుడి పేరు చెప్పాలి. ఆడపడుచులు అడ్డం నిలబడతారు. చెప్పనిదే లోపలికి రానివ్వరు. ఆ తర్వాత జన్మలో ఆ పేరు నోట పలకకూడదు. కొంగుముడి వేసి నిలబెట్టారు, ఆయన నాకు కుడి పక్కన. అంటే ఆయన ఎడమ చెవి నా వైపు. ఆవల వాకిట్లో డప్పులు మోగుతున్నాయి. నాకు సిగ్గు. తల వంచుకుని, పెదవి కదిలీ కదలకుండా గొణిగాను.

"వినపడలేదు, మళ్ళీ చెప్పు!" అని మా వదిన అరిచింది. గడపకు అవతల ఉన్న ఆడవాళ్ళెవరికీ వినపడలేదు.

"నాకు వినపడినాదిలేక్కా, దారియ్యి," అన్నాడు మా ఆయన.

అందరూ గొల్లున నవ్వారు. అంత డప్పుల్లో, అంత చిన్న మాట, ఆ చెవితో విన్నాడు.

ఇది చెబుతానంటే మా మేనకోడలు, "ఇది సాక్ష్యమా అత్తా?" అంది. "ఇంతకంటే సాక్ష్యం యాడ తెస్తావే?" అన్నాను. మా వదిన ఇంకా ఉంది. వెళ్ళి అడిగితే, ఆ మాట ఆమెకూ బాగా గుర్తుంది. "నా పరువు తీసినాడు ఆ దినం. అంతమందిలో పెండ్లాం పక్కన చేరినాడు," అని ఇప్పటికీ కోపంగానే చెప్పింది. ఆమెతోనూ వేలిముద్ర వేయించాం. కొన్నేళ్ళకు మిలిట్రీ నుంచి లీవులో వచ్చినప్పుడు ఆయన నడిచేటప్పుడు పక్క మార్చుకున్నాడనీ, నన్ను కుడివైపే నడవమనేవాడనీ కూడా రాయించాను. గడువులోపలే పంపాం. ఆ పెద్దమనిషి చదువుకుని, నా వైపు చూసి, ముద్ర కొట్టాడు.

ఏం తేలుస్తారో ఇంకా తెలియదు. మా వాకిట్లో డప్పుల దగ్గర ఆ చెవి బాగానే వినేదని, కొండల్లో ఎక్కడో ఫిరంగి పేలిన చోటే పోయిందని లెక్క వేస్తారో లేదో చూడాలి. ఆ ఆఫీసులో కూర్చున్నవాళ్ళకు గడపదగ్గర పేరు చెప్పే ఆనవాయితీ ఉంటుందో ఉండదో. లేకపోతే ఎవరినన్నా అడిగి తెలుసుకుంటారులే.

చాలు, అమ్మీ. చెయ్యి నొస్తాందంటివి గదా, పెన్ను కింద పెట్టు. ఆయన పేరు రాసినావా యాడన్నా? నేనైతే చెప్పలేదు. సరే, నీళ్ళు తాగి మొదట్నుంచీ చదువు, వింటా. గట్టిగా చదువు.